మూడో ఏడాది బండి

పోయిన వారం మెకానిక్కమ్మనీ, ఆమె కూతురు పిచ్చుకనీ ఒక పొడవాటి రేకుల గేటు ముందు నిలబెట్టి వచ్చేశాం. మధ్యాహ్నపు ఎండలో వాళ్లింకా అక్కడే ఉన్నారు. గేటు తెరుచుకునేలోగా, ఇప్పుడే మనతో కలిసినవాళ్ల కోసం నాలుగు మాటలు.

మెకానిక్కమ్మ పాత కార్లు బాగుచేస్తుంది. ఆమె భర్త స్కూలు బస్సు డ్రైవరు. ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి ఒక రెండు సీట్ల ఆకుపచ్చ స్పోర్ట్స్ కారు. ముందు దీపాలు కళ్లలా పొడుచుకొచ్చి, వెనక భాగం ఎగరబోతున్నట్టు లేచి ఉంటుంది కనక ఆ రకం కార్లని అందరూ మిడతలంటారు. కంపెనీ వాటిని ఆరేళ్లపాటు తయారుచేసి ఆపేసింది. ఆయనది మూడో ఏడు మోడల్. పదకొండేళ్ల కిందట ఒక ఆదివారం ఆ బండి నది వంతెన దగ్గర మలుపులో రోడ్డు తప్పి గోడకి గుద్దుకుంది. ఆయన అక్కడికక్కడే పోయాడు. కాగితాల్లో 'అతివేగం' అని రాశారు. మెకానిక్కమ్మ కూడా అదే నమ్మింది. ఆ ఉదయం ఇద్దరూ పోట్లాడుకున్నారు. ఆయన కోపంగానే బయల్దేరాడు.

ఇప్పుడు పిచ్చుకకి ఇరవై మూడేళ్లు. కళ్లద్దాల దుకాణంలో పని. కూడబెట్టుకున్నదాంతో ఒక పాత మిడత కొనుక్కుంటానని పట్టుబట్టింది. ఏ ఏడు మోడల్ కొనాలన్న దగ్గర తల్లీకూతుళ్లు నాలుగు వారాలుగా తెగక నలుగుతున్నారు. చివరికి పిచ్చుక కోరుకున్న మూడో ఏడు బండి, ఎర్రది, ఒకటి దొరికింది. నడిపి చూసొచ్చి, తీరా డబ్బు పట్టుకుని వెళ్లేసరికి ఎవరో ముసలాయన అడిగినదానికన్నా ఎక్కువిచ్చి పట్టుకుపోయాడు. మూడో ఏడు మిడత ఎక్కడ అమ్మకానికొచ్చినా ఆయనే కొంటాడట. కొన్నది ఒక్కటీ మళ్లీ రోడ్డు మీద కనపడదట. ఆయన్ని గీతల మాస్టారంటారు. ఆ గేటు ఆయనదే.

పిచ్చుక మూడోసారి గేటు మీద చేత్తో బాదింది.

"ఇంట్లో లేరేమోనే," అంది మెకానిక్కమ్మ. "పద, ఆ తెల్లదాన్ని ఇంకోసారి చూసొద్దాం. అయిదో ఏడుది. అడుగంతా నేనే చూశాను, ఎక్కడా మచ్చ లేదు."

"నాకొద్దు."

"పోనీ మొదటి ఏడుది. ఆ నీలంది."

"దాని తలుపుల కింద రేకు మీద వేలు పెడితే లోపలికి దిగిపోతోందని నువ్వే అన్నావు కదమ్మా."

"అన్నాను. తుప్పు కోసేసి కొత్త రేకు అతికిస్తే సరిపోతుంది. నెల రోజుల పని. నీకోసం చేసిపెడతాను."

"నాకోసం చేసేదానివైతే మూడో ఏడుది వెతికిపెట్టు."

ఈ బండ్లు అమ్మిపెట్టే బేరగాడికి వీళ్ల తగువు అలవాటైపోయింది. "మొదటి ఏడు బండి కొత్తల్లుడమ్మా, తేలిగ్గానే ఉంటాడు గానీ అయినదానికీ కానిదానికీ అలుగుతాడు. అయిదో ఏడుది పెద్దన్నయ్య. బరువైన మనిషి. నిన్ను పడనివ్వడు, నవ్వనివ్వడు. మూడో ఏడుదంటావా, మేనమామ. అడగడమే ఆలస్యం, ఎక్కించుకుని ఊరంతా తిప్పుతాడు," అని మొన్న నవ్వించబోయాడు. ఇద్దరిలో ఒక్కరూ నవ్వలేదు.

అతను చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. మొదటి రెండేళ్ల బండ్లకి ఇంజను చిన్నది. మూడో ఏట కంపెనీ పెద్ద ఇంజను పెట్టి, బండి బరువు తగ్గించింది. నాలుగో ఏడుదీ అదే బండి, దాన్నీ అందరూ మూడో ఏడనే అంటారు. అయిదో ఏట ఎందుకనో బరువు మళ్లీ పెంచింది. బండి కుదురుకుంది, హుషారు తగ్గింది. ఆ కార్ల సంగతి తెలిసినవాళ్లెవరైనా సరదా కోసమైతే మూడో ఏడు కొనమంటారు, పదికాలాలు ఉండాలంటే అయిదో ఏడు కొనమంటారు. మెకానిక్కమ్మ అయిదో ఏడు అనడానికి ఈ లెక్కలేమీ కారణం కాదు. కూతురు కూర్చునే బండి ఆయన బండిలా ఉండకూడదు, అంతే.

"ఆ ఏడంటే నీకెందుకమ్మా అంత మంట?" అంది పిచ్చుక. "నేను కొనేది నాన్న బండి కాదు. నాన్నకున్నలాంటి బండి."

"అలాంటిదనే వద్దంటున్నాను. మనిద్దరి గురించీ ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఆ మలుపులో యాక్సిలరేటరు మీంచి కాలు తీసేవాడు మీ నాన్న."

పిచ్చుక ఈ మాట మొదటిసారి విన్నప్పుడు దానికి పన్నెండేళ్లు. ఆ తరవాత ఎన్నిసార్లు విందో లెక్కలేదు. ముఖం అటు తిప్పేసుకుంది.

లోపల గడియ తీసిన చప్పుడైంది.

గేటు సందులోంచి చూసిన మనిషికి డెబ్బై ఆరో, డెబ్బై ఏడో ఉంటాయి. తెల్లచొక్కా మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని, చేతికర్ర మీద బరువంతా వేసి నిలబడ్డాడు. చెవి మీద పెన్సిలు ఉంది.

"ఎర్ర బండి కోసం వచ్చిన అమ్మాయివి నువ్వేనా?" అన్నాడు పిచ్చుకని చూసి. "బేరగాడు చెప్పాడు, ఏడ్చినంత పని చేశావని. ఏమీ అనుకోకమ్మా. దాన్ని అమ్మను."

"మీరిచ్చినదానికన్నా ఎక్కువిస్తాను. నెలనెలా ఇస్తాను."

"ఎంతిచ్చినా అమ్మను."

"పోనీ ఒక్కసారి చూడనివ్వండి తాతగారూ. చూసి వెళ్లిపోతాం."

ఆయన గేటు ఇంకాస్త తెరిచి పక్కకి తప్పుకున్నాడు.

ఇంటి వెనక రేకుల షెడ్డు. తలుపు తియ్యగానే లోపలి వేడి ముఖానికి కొట్టింది. రెండు వరసల్లో ఆరు మిడతలు. పసుపు, నీలం, తెలుపు, మళ్లీ నీలం, నలుపు, చివర్న ఎర్రది. దేనికీ వెనక చక్రాల్లేవు. ఒక్కోదాని వెనక భాగాన్ని ఇటుకల మీద నిలబెట్టి, విప్పిన చక్రాలని గోడకి ఆనించి గొలుసు వేసి తాళం పెట్టారు. మూల ఇంకో బండి ఉంది, దాని మీద టార్పాలిన్ కప్పి తాడుతో కట్టేసి ఉంది.

పిచ్చుక ఎర్ర బండి దగ్గరికి వెళ్లి ఆగిపోయింది. "మొన్నటిదాకా తిరిగిన బండి ఇది! నేను నడిపి చూశాను. దీన్నీ ఇలా చేసేశారేంటి?"

మెకానిక్కమ్మ మోకాళ్ల మీద కూచుని ఇటుకల వరస చూసింది. ఎంతో ఓపిగ్గా, ఒక్క బండి కూడా ఓరగా లేకుండా పేర్చారు. ఇది పిచ్చివాడి పనిలా లేదు.

"మీరు నడపరు, అమ్మరు, బాగుచెయ్యరు. మరెందుకు కొంటున్నారు మాస్టారూ?"

ఆయన పిచ్చుక వైపే చూస్తూ, "నీకీ ఏడుదే ఎందుకమ్మా? మిగతావి బోలెడున్నాయి. అయిదో ఏడుది కొనుక్కో తల్లీ. నా మాట విను," అన్నాడు.

"మీరూ మా అమ్మలాగే మొదలెట్టారా!" పిచ్చుక గొంతు పెరిగింది. "మా నాన్నకి ఈ ఏడుదే ఉండేది. నన్ను పక్కన కూచోబెట్టుకుని గేరు మార్చడం నేర్పించాడు. నది వంతెన దగ్గర ఆ బండిలోనే పోయాడు. స్కూలు బస్సు నడిపినన్నాళ్లూ ఆ బస్సుకి గీత పడనివ్వని మనిషి, వేగంగా తోలి చచ్చిపోయాడని అందరూ అన్నారు. మా అమ్మ కూడా అంది. నేనా బండిని నడపాలి, ఆ మలుపులోంచి మామూలుగా తీసుకెళ్లి ఇంటికి తీసుకురావాలి. అంతే నాక్కావాల్సింది. ఇప్పుడు చెప్పండి, ఎందుకివ్వరు?"

ముసలాయన గోడ పక్కనున్న పీట కోసం వెనక్కి చెయ్యి చాచి, దొరికాక దానిమీద కూలబడ్డాడు.

"ఆకుపచ్చదా?" అన్నాడు.

మెకానిక్కమ్మ, "మీకెలా తెలుసు?" అంది.

"మీరు ఎప్పటికైనా వస్తారనుకున్నాను. ఇలా బండి బేరానికి వస్తారనుకోలేదు." ఆయన చెవి మీది పెన్సిలు తీసి చేతిలో పెట్టుకుని, దాన్నే చూస్తూ మాట్లాడాడు. "నన్ను గీతల మాస్టారని ఎందుకంటారో ఇక్కడెవరికీ తెలీదు. పిల్లలకి బొమ్మలు నేర్పేవాణ్ణనుకుంటారు. నేను ఈ బండి చేసిన కంపెనీలో డ్రాయింగులు గీసేవాణ్ణమ్మా. ముప్ఫై ఏళ్లు. ఈ బండి వెనక చక్రాన్ని పట్టుకుని ఒక ఆర్మ్ ఉంటుంది చూడండి..."

"తెలుసు. నా పనదే," అంది మెకానిక్కమ్మ.

"అయితే మీకు తొందరగా అర్థమవుతుంది. మొదటి రెండేళ్లూ ఆ ఆర్మ్ రేకు నాలుగు మిల్లీమీటర్ల మందం. మూడో ఏట బరువు తగ్గించమన్నారు. మూడు చేస్తే పట్టి ఉంటుందా, లెక్క కట్టి చూడమన్నాడు మా పెద్ద ఇంజనీరు. అది సాయంత్రం, ఇంటికెళ్లే వేళ. చూశానండీ, ఉంటుంది అన్నాను."

షెడ్డు పైకప్పు రేకులు ఎండకి టిక్కుమంటున్నాయి.

"చూడలేదు. నాలుగు చెరిపి మూడు వేశాను, సంచీ తగిలించుకుని ఇంటికెళ్లిపోయాను. రేపు చూద్దాంలే అనుకున్నాను. ఆ రేపు రాలేదు. రెండేళ్లు తిరక్కుండానే బండ్లు వెనక్కి రావడం మొదలైంది. బోల్టు కన్నం దగ్గర వెంట్రుకంత పగులు. అయిదో ఏట చడీచప్పుడు లేకుండా మళ్లీ నాలుగు చేశారు. అప్పటికే అమ్మేసినవాటి గురించి కొన్నవాళ్లకి ఒక్క ఉత్తరం ముక్క కూడా రాయలేదు. నేనూ నోరెత్తలేదు. ఉద్యోగం, పిల్లలు... అవన్నీ చెప్పుకోవడానికి పనికొచ్చే మాటలు. నోరెత్తలేదు, అంతే."

మెకానిక్కమ్మకి అయిదో ఏడు బండి అడుగున చెయ్యి పెట్టిన ప్రతిసారీ ఆ రేకు దళసరిగా తగలడం గుర్తొచ్చింది. ఎందుకు మార్చారో అని ఏనాడూ అనుకోలేదు. కంపెనీవాళ్లకేదో తోచిందనుకుంది.

"మీ ఆయన సంగతి పేపర్లో చదివాను," అన్నాడాయన. "చిన్న వార్త. వెనక చక్రం లోపలికి తిరిగిపోయి ఉందని ఒక్క ముక్క రాశారు. వేగంగా వెళ్తే చక్రం అలా తిరగదు. నాకు తెలుసు అది దేనివల్ల తిరుగుతుందో. మీ వీధి చివరిదాకా రెండుసార్లు వచ్చాను. ఒకసారి ఈ అమ్మాయే ఇంటి ముందు తాడాట ఆడుకుంటోంది. వెనక్కి తిరిగి వచ్చేశాను. ఆ తరవాతే ఇవి కొనడం మొదలుపెట్టాను. నా చేతనైనన్ని రోడ్డు మీంచి తీసేద్దామని. ఇంకా ఎన్ని ఉన్నాయో తెలీదు. నేను ఎన్నాళ్లుంటానో తెలీదు."

పిచ్చుక ఆయన మీద అరుస్తుందనుకుంది తల్లి. అది మాత్రం ఆయన్ని చూడనే లేదు. తల్లి వైపు తిరిగింది. కళ్ల నిండా నీళ్లు, గొంతు మాత్రం నెమ్మదిగా ఉంది.

"విన్నావా అమ్మా? నాన్న వేగంగా వెళ్లలేదు."

మెకానిక్కమ్మ తల ఊపింది.

"ఫొటో కూడా పెట్టనివ్వలేదు నువ్వు. అడిగితే, మనల్ని గాలికొదిలేసి పోయినవాడికి ఫొటో ఎందుకన్నావు. నేనూ నమ్మాను. కొన్నాళ్లు నాన్నంటే అసహ్యం వేసేది నాకు. పదమూడేళ్ల పిల్లనమ్మా నేను! రోజూ రాత్రి నాన్నని తిట్టుకుని పడుకునేదాన్ని."

పోయినవాడి మీద కోపం పెట్టుకుని బతకడం మెకానిక్కమ్మకి ఇన్నాళ్లూ ఒక ఆసరా. ఏడవాల్సి వచ్చినప్పుడల్లా కోప్పడేది, కోప్పడితే లేచి పనిలోకి వెళ్లగలిగేది. ఇప్పుడా కోపం కాళ్ల కింద నుంచి జారిపోయింది. దాని అడుగున ఇంకేమీ లేదు. ఆయన్ని ఒక్కసారి కూడా సరిగ్గా తలచుకుని ఏడవలేదన్న సంగతి మాత్రం ఉంది.

ఆమె తన పని తాలూకు మాటల్లోకి పారిపోయింది. "అలా అనేసుకుంటే కాదు. రేకు పగిలిందో లేదో కళ్లతో చూస్తేగానీ చెప్పలేం. ఆ బండిని నేను మూడో రోజే తుక్కువాడికి ఇచ్చేశాను. ఒకసారైనా దాని ముఖం చూడలేదు. ఇప్పుడెక్కడని..."

గీతల మాస్టారు చేతికర్ర ఎత్తి మూలకి చూపించాడు.

"తుక్కువాడి దగ్గర నేను మొట్టమొదట కొన్నది అదే."

తాడు ముడి బిగుసుకుపోయి ఎంతకీ రాలేదు. మెకానిక్కమ్మ జేబులోంచి చాకు తీసి కోసేసింది. టార్పాలిన్ లాగితే దుమ్ము లేచి ముగ్గురూ దగ్గారు. ముందు భాగం నుజ్జయిపోయి, దీపాలున్నచోట రెండు గుంటలు మాత్రం ఉన్నాయి. తలుపు మీద ఆకుపచ్చ రంగు అక్కడక్కడా ఇంకా మెరుస్తూనే ఉంది. పిచ్చుక పక్క సీటు వైపు వెళ్లి, పగిలిన అద్దంలోంచి చెయ్యి పెట్టి గేరు పిడిని పట్టుకుంది. అలాగే ఉండిపోయింది.

"మీరు చూశారా అడుగున?" అని మెకానిక్కమ్మ ఆయన్నడిగింది.

"లేదమ్మా. తెచ్చిన రోజే కప్పేశాను. మళ్లీ తియ్యలేదు. నాకు తెలుసు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ధైర్యం చాలలేదు."

ఆమె గోడ వారగా ఉన్న అట్టముక్క ఒకటి తెచ్చి పరుచుకుని, టార్చి నోట కరుచుకుని, వెల్లకిలా బండి కిందకి జారింది. పాతికేళ్లుగా రోజూ చేసే పనే.

ముందు ఎడమ వైపు చూసింది. ఆర్మ్ దాని చోట అది ఉంది. గుడ్డతో దుమ్ము తుడిచి, బోల్టు కన్నాల చుట్టూ గోటితో గీరింది. పగులుంటే గోరు పట్టుకుంటుంది. పట్టుకోలేదు. సరే, ఇటు కాదు, అటు కుడి చక్రమే లోపలికి తిరిగి ఉంది అనుకుని, భుజాల మీద పాక్కుంటూ అటు జరిగింది.

కుడి ఆర్మ్ పక్కకి వాలిపోయి ఉంది. అందుకే చక్రం లోపలికి తిరిగింది. ముసలాయన చెప్పిందే నిజం. ఆమె టార్చి చేతిలోకి తీసుకుని, వెలుగు రేకుకి దగ్గరగా పెట్టి చూసింది. ముందు కన్నం చుట్టూ చూసింది. వెనక కన్నం చుట్టూ చూసింది. మళ్లీ తుడిచి గోటితో గీరింది. రేకు వంకర కూడా పోలేదు. ఎక్కడా పగల్లేదు.

మరి ఆర్మ్ ఎలా వాలింది?

ఆ ఆర్మ్‌ని బండికి పట్టి ఉంచేవి రెండు బోల్టులు. ముందుది ఉంది. వెనకది లేదు. బోల్టు విరిగితే దాని మొండెం కన్నంలో మిగిలిపోతుంది. బలంగా లాగేస్తే కన్నం లోపలి మరలు నలిగిపోతాయి. ఆమె చిటికెన వేలు కన్నంలో పెట్టి తిప్పింది. లోపల ఖాళీ. మరలు కొత్తవాటిలా ఒక్కొక్కటీ వేలికి తగులుతున్నాయి. ఆ బోల్టు విరగలేదు, తెగలేదు. చుట్టు చుట్టుగా తనంతట తనే ఊడి వచ్చేసింది. బిగించని బోల్టు మాత్రమే అలా వస్తుంది.

మెకానిక్కమ్మ బోల్టు బిగించాక దాని తల మీంచి పక్క రేకు మీదికి తెల్లరంగుతో సన్నగా ఒక గీత గీస్తుంది. బిగించానా లేదా అని తరవాత అనుమానం రాకుండా. ఎడమ వైపు రెండు బోల్టుల మీదా దుమ్ము కింద ఆ గీత ఉంది. కుడి వైపు ముందు బోల్టు మీద ఉంది. ఖాళీ కన్నం పక్కన, రేకు మీద ఉండాల్సిన మిగతా సగం గీత లేదు. ఎంత తుడిచినా లేదు.

ఆ ఆదివారం పొద్దున బోల్టులు విప్పి ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు మార్చింది తనే.

అంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. మిడతలున్నవాళ్లంతా ఆ రోజు కొండ దగ్గర కలుసుకుంటున్నారు. "అయిందా? నాకు ఆలస్యమైపోతోంది," అని ఆయన పైనుంచి తొందరపెట్టాడు. ఆదివారం కూడా ఇంట్లో ఉండరు, ఈ బండి అమ్మేస్తే గానీ మనిషి ఇంటిపట్టున ఉండరని తను కింద నుంచే అంది. ఆయనేదో అన్నాడు. తను రెండు అంది. నాలుగో బోల్టు వేళ్లతో తిప్పి పెట్టి, పానా వేసి బిగించబోతూ, కోపం పట్టలేక బయటికొచ్చేసి, చేతులైనా కడుక్కోకుండా లోపలికెళ్లి తలుపేసుకుంది. ఆయన జాకీ దించుకుని, పని అయిపోయిందనుకుని వెళ్లిపోయాడు. ఈ పదకొండేళ్లలో ఆ పోట్లాటని వెయ్యిసార్లు తలచుకుంది. తన చేతిలో ఉన్న పానా ఒక్కసారీ గుర్తుకు రాలేదు.

ఆయన కోపంగా తోలలేదు. మలుపులో కాలు తియ్యకపోవడం కాదు. ఎంత తొక్కినా, ఎంత తిప్పినా బండి ఆయన మాట వినలేదు. ఆ చివరి క్షణంలో కూడా ఆయనకి తన మీద అనుమానం వచ్చి ఉండదు. మా ఆవిడ చూసిన బండి అని పదిమందికి చెప్పుకునే మనిషి.

బండి అడుగు భాగం ఆమె ముఖానికి జానెడు ఎత్తులో ఉంది. అది కూలి మీద పడితే బాగుండునని అనిపించింది.

"అమ్మా!" పిచ్చుక బండి పక్కన మోకాళ్ల మీద కూచున్నట్టుంది, గొంతు దగ్గరగా వినిపించింది. "ఏం కనపడింది? పగిలిందా?"

పక్కన గీతల మాస్టారి చెప్పులు, చేతికర్ర చివర కనిపిస్తున్నాయి.

లేదు అంటే చాలు. పదకొండేళ్లుగా మోస్తున్న ఒక చావు ఆ ముసలాయన మీంచి దిగిపోతుంది. మరి చక్రం ఎందుకు తిరిగిందమ్మా అని పిచ్చుక అడుగుతుంది. అది అడిగాక ఈ భూమ్మీద తనకంటూ ఉన్న ఒక్క మనిషీ ఉండదు. ఇందాకే నాన్నని తిరిగి తెచ్చుకున్న పిల్ల. ఆ నాన్నని చంపిన చెయ్యి ఏదో ఇప్పుడే, ఇక్కడే, దానికి చెప్పాలి.

"అమ్మా, చెప్పవే!"

"పగిలింది," అంది మెకానిక్కమ్మ.

పైన పిచ్చుక భోరుమంది. ముసలాయన నోటినుంచి ఒక చిన్న శబ్దం వచ్చింది. అది ఏడుపో, ఊపిరో తెలియలేదు. ఇప్పుడు పైకి లేస్తే ఆయన ముఖం చూడాలి. ఆమె లేవలేదు.

"ఏ వైపమ్మా?" అన్నాడాయన చివరికి.

"కుడి వైపు. మీరు... మీరు వెళ్లి కూచోండి మాస్టారూ. ఇంకేముంది చూడ్డానికి."

"కాదు. ఇన్నేళ్లూ అలాగే తప్పించుకున్నాను." చేతికర్ర బండికి ఆనించిన చప్పుడైంది. "నేను గీసిన గీత ఏం చేసిందో నా కళ్లతో నేను చూడాలి. మీ ముందే చూడాలి."

"వద్దు మాస్టారూ, మీ మోకాళ్లు..."

"ఉండండి తాతగారూ, పట్టుకుంటాను," అంది పిచ్చుక. ఏడుస్తూనే ఆయన మోచెయ్యి పట్టుకుని, నెమ్మదిగా, ఒక్కో మోకాలూ నేలకి ఆనేదాకా దించింది. అట్ట అంచు ఆయన బరువుకి నలిగింది. తెల్లచొక్కా నేలకి రాసుకుంటూ ముందు భుజం, తరవాత తల, ఆ తరవాత కళ్లద్దాలు బండి కిందకి వచ్చాయి.

ఆయన ముఖం ఆమె ముఖానికి మూరెడు దూరంలో ఆగింది. కళ్లు తడిగా ఉన్నాయి గానీ చూపు తిన్నగా ఉంది. ముప్ఫై ఏళ్లు గీత గీతనీ పట్టి చూసిన కళ్లు.

"టార్చి ఇలా ఇవ్వమ్మా," అన్నాడు చెయ్యి చాచి.